మధ్యలో లేచిన పిల్ల

రండమ్మా, ఇలా దగ్గరగా జరగండి. తలుపు పక్కన కూర్చుంటే చలిగాలి కొడుతుంది, మాటా సగమే వినిపిస్తుంది. చేతిలో పనుంటే పక్కన పెట్టండి. కాఫీ సంగతి తరవాత చూద్దాం. ఈ కథంతా కాఫీ మూలంగానే నడిచింది మరి. ఇది ఒక మంచి ఇంటి కథ. ఆ ఇంట్లో చెడ్డవాళ్ళంటూ ఎవరూ లేరు. చెడ్డవాళ్ళు లేని ఇంట్లో కూడా ఒక పిల్ల బతుకు చెయ్యిజారిపోవచ్చని తెలియాలనే చెప్పడం.

మా కోర్చా ఊళ్ళో చలికాలం వచ్చిందంటే ఇల్లంతా ఒకటే గది అయిపోతుంది. మిగతా గదుల తలుపులు మూసేసి, ముందుగదిలో ఇనప పొయ్యి రాజేసి, ఇంటిల్లిపాదీ ఆ వెచ్చదనం చుట్టూ చేరతారు. తినడం అక్కడే, తడిబట్టలు ఆరేయడం అక్కడే, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టడమూ అక్కడే. లిరియే కూతురు ఎత్లేవా చదువు కూడా అక్కడే సాగేది, కిటికీ వారన చిన్న బల్లమీద.

లిరియే ఊరి చివరి కార్ఖానాలో బూట్ల పైతోళ్ళు కుడుతుంది. అవి ఇటలీకి వెళ్ళిపోతాయి. భర్త గ్రీసులో ఇళ్ళకు రంగులు వేస్తూ పండగలకే ఇంటి మొహం చూస్తాడు. ఇంట్లో అత్తగారు సఫేతే, కొడుకు గెంట్, కూతురు ఎత్లేవా. కొడుక్కి వేరే గది ఉంది, అందులో కరెంటు హీటరు కూడా ఉంది. మగపిల్లాడు, పెద్దవాడు, వాడికంటూ ఒక తలుపు ఉండాలి కదా అనుకున్నారు. ఆ మాటను రెండోసారి తిరగేసి చూసినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ ఏడు ఎత్లేవా బడి చదువు ముగిస్తోంది. రాజధాని తిరానాలో ఒక వ్యాపార విద్యా కళాశాల ఉంది. అక్కడి ప్రవేశ పరీక్షలో పైవరసన నిలిచిన కొద్దిమందికి చదువు, బస, భోజనం అన్నీ ఉచితం. బడి ముగించిన ఏడాదే రాయాలి, మరో అవకాశం లేదు. సీటు వస్తే తిరానా, రాకపోతే తల్లి పక్కన కుట్టుమిషను. మూడో దారి లేదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

దారి చూపించింది లెక్కల మాస్టారు పెట్రాచ్. రిటైరైపోయినా తన పిల్లల్ని మరిచిపోని మనిషి. "పుస్తకాలు తిరగేస్తే చాలదు తల్లీ," అన్నాడాయన. "అది కంప్యూటరు మీద, గడియారం తరుముతుంటే రాసే పరీక్ష. ఆన్‌లైన్‌లో అచ్చం అలాంటి నమూనా పరీక్షలు పెడతారు. అవి రాస్తూ ఉండు. చెయ్యి అలవాటు పడుతుంది."

లిరియే ఓవర్‌టైము చేసి పాత కంప్యూటరు ఒకటి కొని తెచ్చింది. ఎత్లేవా కూర్చుంది. మొదట్లో మార్కులు అంతంతమాత్రం. మంచు కురిసే రోజులు వచ్చేసరికి తెరమీద ఆమె పేరు పైపైకి ఎగబాకింది. దేశమంతటా ఆ నమూనా పరీక్షలు రాసేవాళ్ళలో ఆమెకన్నా ముందున్నవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మంది. లిరియే కార్ఖానాలో మధ్యాహ్నం రొట్టె తింటూ ఆ మాట చెప్పుకుని మురిసిపోయేది. ఆ కబురు వీధి వీధికీ పాకింది.

కబురు పాకితే మనుషులు రారూ? మావాళ్ళ మర్యాద అది. పిల్ల పరీక్షకు తయారవుతోందంటే ఇంటికొచ్చి నాలుగు మంచిమాటలు చెప్పి దీవించి వెళ్ళాలి. వచ్చినవాళ్ళకు ఇంటి ఆడపిల్ల స్వయంగా పళ్ళెం పట్టాలి. ముందు చెంచాడు గ్లికో, పచ్చి అక్రోటు కాయలు పంచదార పాకంలో ఊరేసిన తీపి, పక్కన గ్లాసుడు నీళ్ళు. ఆ తరవాత ఇత్తడి గిన్నెలో నురుగు చెదరకుండా కాచిన కాఫీ. ఆ పిల్ల నిలబడి ఇచ్చి, అతిథి తాగేదాకా నిలబడే ఉండి, కప్పులు తీసుకెళ్ళాలి. తల్లి ఇవ్వకూడదని కాదు. ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల ఉండగా తల్లి లేస్తే పిల్ల పెంపకానికే మాట వస్తుంది.

తలుపు తట్టిన చప్పుడు. పక్కింటి పొలిక్సెని.

"ఏమే ఎత్లేవా, తిరానా వెళ్ళి మమ్మల్నందర్నీ మరిచిపోతావటగా!"

"ఇంకా ఎక్కడ అత్తా, రాసి గెలవాలిగా."

"గెలుస్తావులే. నీ వంట చూస్తే మాత్రం మీ కళాశాలవాళ్ళు పారిపోతారు. కాఫీ మధ్యరకం చక్కెర, నా తల్లీ!"

సఫేతే పొయ్యి పక్కనుంచి అంటుంది: "లేమ్మా, లే. మొన్నటిలా పొంగించకు."

తెర మూలన రెండు నిలువుగీతల గుర్తు ఒకటుంది. దాన్ని నొక్కితే గడియారం ఆగిపోతుంది. ఎత్లేవా దాన్ని నొక్కి లేచేది. కాఫీ కాచి, పళ్ళెం పట్టి, నిలబడి, కప్పులు కడిగి వచ్చి మళ్ళీ నొక్కేది. గడియారం ఆగినచోటనుంచే నడిచేది. మార్కులు మాత్రం బాగానే వచ్చేవి. రావూ మరి? పొయ్యి ముందు నురుగు చూస్తూ నిలబడ్డప్పుడు పిల్ల బుర్ర ఖాళీగా ఉంటుందా, ఆగిన లెక్క లోపల నడుస్తూనే ఉండేది. ఆ సమయాన్ని ఆ యంత్రం లెక్కలోకి తీసుకోలేదు. ఇంట్లోవాళ్ళూ తీసుకోలేదు.

అంతకు ముందు ఏడాది గెంట్ డ్రైవింగు లైసెన్సు పరీక్ష రాశాడు. అదీ ఆన్‌లైన్‌లో చదివిందే. అప్పుడు ఆ ఇంటి తీరు చూడాలి మీరు! వాడి తలుపు ముందు ఎత్లేవా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేది. చుట్టాలొస్తే సఫేతే పెదవిమీద వేలు పెట్టి, "మెల్లిగా, మా పిల్లాడు చదువుతున్నాడు," అనేది. ఎర్ర దీపం వస్తే ఆగాలని నేర్చుకోవడానికి అంత నిశ్శబ్దం కావలసి వచ్చింది!

ఒక ఆదివారం పెట్రాచ్ మాస్టారు వచ్చాడు. ఎత్లేవా ఎప్పటిలాగే రెండు గీతలు నొక్కి, పళ్ళెం తెచ్చి ఆయన ముందు నిలబడింది. ఆయన గ్లికో చప్పరిస్తూ అడిగాడు.

"మార్కులు విన్నాను. బాగు బాగు. అయితే ఒక్క మాట, పరీక్ష మొత్తం ఒక్క బిగిన రాస్తున్నావు కదా? మధ్యలో లేవకూడదు సుమా."

పిల్ల పళ్ళెం ఇంకా పట్టుకునే ఉంది. నోరు తెరిచి తల్లివైపు చూసింది. ఏమని చెబుతుంది? మీరొచ్చారు కాబట్టే లేచానని ఇంటికొచ్చిన పెద్దమనిషితో అనగలదా?

"ఒక్క బిగినే మాస్టారూ," అంది లిరియే చప్పున. "బల్ల దగ్గరనుంచి కదిలితే ఒట్టు."

మాస్టారు సంతోషంగా తలాడించి కప్పు తిరిగి పళ్ళెంలో పెట్టాడు. లిరియేకు అది అబద్ధమన్న స్ఫురణ కూడా లేదు. కూతురు లేవడం ఆమె కంటికి లేవడంలా కనబడితేగా!

వసంతంలో పరీక్ష. తల్లీ కూతుళ్ళు తెల్లారకముందే బస్సెక్కారు. లిరియే సంచిలో ఉల్లిపాయ కూరి కాల్చిన లాక్రోర్ రొట్టె ముక్కలు, వేడినీళ్ళ సీసా. తిరానాలో కూతుర్ని హాల్లోకి పంపి, బయట ఒక మెట్టుమీద కూర్చుంది. తిరిగొచ్చిన పిల్ల మొహం చూసి, ఏమీ అడగకుండా నీళ్ళ సీసా మూత తీసి చేతికిచ్చింది.

తిరుగు బస్సెక్కారు. చాలా దూరం వచ్చాక ఎత్లేవా కిటికీ వైపు చూస్తూనే చెప్పింది.

"మొదటి భాగం బాగా రాశానమ్మా. రెండో భాగం మొదలుపెట్టాక నా చెవి తలుపు మీదకే పోయింది. ఎవరో వస్తారు, ఎవరో వస్తారు అనిపిస్తూనే ఉంది. తెర మూలన ఆ రెండు గీతలకోసం వెతుక్కున్నాను. అక్కడ లేవుగా."

"తరవాత?"

"తరవాత నిజంగానే తలుపు తెరుచుకుంది. పర్యవేక్షకుడెవరో లోపలికొచ్చాడు, పెద్దాయన. నేను..." ఆమె కిటికీ అద్దానికి నుదురు ఆనించింది. "నేను లేచి నిలబడ్డానమ్మా."

"ఎందుకే?"

"తెలీదు. కాళ్ళు వాటంతటవే లేచాయి. ఆయన, ఏం కావాలమ్మాయ్, అని అడిగాడు. కాఫీ ఎలా తాగుతారు అని అడగబోయాను. నాలిక చివరిదాకా వచ్చింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కూర్చున్నాను కానీ అక్షరాలు కనబడలేదు. మూడో భాగంలో సగం ముట్టుకోనేలేదు."

లిరియేకు ఆ క్షణాన కోపమే వచ్చింది. ఇంత చదివి, ఆ మాత్రం నిభాయించుకోలేకపోయిందే అనుకుంది. కడుపు తీపి నోరు మూయించింది గానీ, మనసులో నింద కూతురి మీదే పడింది. ఫలితాలు వచ్చాయి. ఉచిత సీట్లిచ్చే పైవరస ఆ ఏడు చాలా పైనే ఆగింది. ఎత్లేవా పేరు దాని కిందెక్కడో ఉంది.

వేసవి గడిచి, ఎత్లేవా కార్ఖానాలో చేరింది. తల్లి పక్క మిషనే ఇచ్చారు. కొత్తవాళ్ళకు పని నేర్పేది లిరియేనే. ఎందరో అమ్మాయిలకు చెప్పిన మాటే కూతురికీ చెప్పింది.

"చూడు, కుట్టు మొదలెట్టాక చివరిదాకా పోవాలి. మధ్యలో ఆపి మళ్ళీ మొదలెడితే తోలుమీద ఆ చోటు తెలిసిపోతుంది, ఆ జత పక్కన పడేస్తారు. ఎవరు పిలిచినా తల ఎత్తకు. నీ పేరు పెట్టి పిలిచినా సరే. పిలిచినవాడు ఆగుతాడు, కుట్టు ఆగదు."

ఎత్లేవా తోలుముక్కను సూది కిందకు జరిపింది. తల ఎత్తకుండానే, నిష్ఠూరం లేకుండానే, మెల్లిగా అంది:

"ఇక్కడైతే నన్నెవరూ లేపరన్నమాట."

లిరియే కాలు మిషను పెడలు మీంచి జారిపోయింది. ఇటలీలో ఎవరో వేసుకోబోయే బూటుకోసం తాను కాపాడే నియమాన్ని, కన్నకూతురి పరీక్షకోసం ఒక్కనాడూ కాపాడలేదు. మేస్త్రీ అరుస్తున్నా ఆమె చెయ్యి ఆడలేదు. చూస్తుండగానే ఆ జత పాడైపోయింది.

కొన్నాళ్ళకు మళ్ళీ చలి మొదలై పొయ్యి వెలిగింది. పెట్రాచ్ మాస్టారు పలకరించడానికి వచ్చాడు. ఎత్లేవా పనినుంచి వచ్చి, అదే చిన్నబల్ల దగ్గర ఊరికే కూర్చుని ఉంది. కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉంది.

"లేమ్మా, మాస్టారికి కాఫీ," అంది సఫేతే అలవాటుగా.

ఎత్లేవా కాళ్ళు అప్పటికే లేస్తున్నాయి.

"కూర్చో." లిరియే గొంతు అంత గట్టిగా ఆ ఇంట్లో ఎప్పుడూ వినబడలేదు. "కూర్చోవే. లేవకు. గెంట్! బయటికి రా. మాస్టారికి కాఫీ పెట్టు."

"నేనా? గిన్నె ఎక్కడుంటుందో నాకేం తెలుసు?"

"ఇన్నేళ్ళు ఇదే ఇంట్లో ఉన్నావుగా. వెతుకు."

సఫేతే నొచ్చుకుంది. "ఇదేం మర్యాదే కోడలా? ఆడపిల్ల ఉండగా మగపిల్లాడి చేత..."

"ఆడపిల్ల పరీక్ష హాల్లో కూడా పళ్ళెం పట్టుకోవడానికి లేచింది అత్తయ్యా. మనం నేర్పిన మర్యాదే అది." అని, మాస్టారి వైపు తిరిగింది. "ఆ రోజు మీకు ఒక్క బిగినే అని చెప్పాను. అబద్ధం. మీరు ఆ మాట అడుగుతున్నప్పుడే ఈ పిల్ల లేచి మీ ముందు నిలబడి ఉంది. నాకూ కనబడలేదు, మీకూ కనబడలేదు."

వంటింట్లో కాఫీ పొంగి మాడిన వాసన వచ్చింది. గెంట్ సగం కప్పు పట్టుకొచ్చాడు. నురుగు లేదు, అడుగున బొగ్గులాంటి మడ్డి. మాస్టారు దాన్ని రెండు చేతులతో అందుకుని, చేదంతా గుటకలు వేసి చివరిదాకా తాగాడు.

"ఈ ఇంట్లో నేను తాగిన కాఫీల్లో సరైన చేతులమీదుగా వచ్చింది ఇదొక్కటే," అన్నాడు. ఆయన ఎత్లేవా వైపు కళ్ళు ఎత్తలేకపోయాడు. "తల్లీ, నీకు దారి చూపించానని ఊరంతా చెప్పుకు తిరిగాను. ఆ దారిలో నీకు అడ్డంగా కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మేమందరం దీవెనలే పట్టుకొచ్చాం. ప్రతి దీవెనకీ నిన్ను కుర్చీలోంచి లేపాం. సఫేతమ్మా, అతిథిని గౌరవించవద్దని నేననను. కానీ ఆ గౌరవమంతా ఒక్క పిల్ల సమయంలోంచే తీసి ఇస్తే అది మర్యాద కాదు, దోపిడీ. చదువుకునే ఆడపిల్ల ఇంట్లో ఖాళీగా ఉన్నట్టు కాదు. మగపిల్లాడి తలుపు ముందు మనం అడుగు మెల్లిగా వేస్తాం. ఆడపిల్లకు అసలు తలుపే లేకపోతే ఎక్కడ ఆగుతాం?"

సఫేతే పొయ్యి మూత వేసింది. తరవాత మోకాళ్ళు పట్టుకుని లేచి, ఆ ఖాళీ కప్పు తానే తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి నీళ్ళ చప్పుడు వినిపించింది.

ఎత్లేవా లేవలేదు. అందరూ తిరుగుతుంటే తాను కూర్చుని ఉండటం ఎలాగో తెలియనట్టు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుంది. గుడ్డ కప్పిన ఆ కంప్యూటరు మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేసింది. మర్నాడు పొద్దున్నే కార్ఖానా బస్సుకు తల్లితో పాటు వెళ్ళింది.

ఇదమ్మా సంగతి. ఆ పిల్లకు పోయిన ఏడు తిరిగి రాలేదు. మనింట్లో, పక్కింట్లో, మరో పిల్లకు ఆ ఏడు ఇంకా ముందుంది. అందుకే ఈ కథను మీ దగ్గరే ఉంచుకోకండి. కార్ఖానాలో చెప్పండి, పెళ్ళిళ్ళలో చెప్పండి, ముఖ్యంగా కాఫీకి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ చెప్పండి. చెప్పేముందు ఆ ఇంటి పిల్ల ఏం చేస్తోందో ఒక్కసారి చూడండి. చదువుకుంటూ ఉంటే ఆమెను కూర్చోనివ్వండి, మీరే లేవండి.