పన్నెండంగుళాల దూలం

తోరాకి ఆ శనివారం ఒకటే పని. మధ్యాహ్నం మూడింటికి విన్నిపెగ్‌ నగరంలో ఉంగరం తొడిగించుకోవాలి. అక్కడి ఆనవాయితీ అది: నాలుగేళ్ళు ఇంజినీరింగు చదివినవాళ్ళకి ఆఖరి చలికాలంలో, తలుపులు మూసిన గదిలో ప్రమాణం చేయించి, రాసే చేతి చిటికెన వేలికి ఉంగరం పెడతారు. బంగారమా, వెండా? ఉత్త ఇనుము. లెక్కలు వేసేటప్పుడు కాగితానికి గీరుకుంటూ 'ఒళ్ళు దగ్గర పెట్టుకో' అని గుర్తుచెయ్యాలట. తోరాకి పెట్టబోయేది వాళ్ళ తాత స్టెఫాన్. ఆయనా ఇంజినీరే, ఆయన వేలికీ అలాంటి ఉంగరమే ఉంది. ఎనభై మూడేళ్ళ వయసులో కోటు ఇస్త్రీ చేయించుకుని మరీ బయల్దేరాడు.

దారిలో వంతెన చూపించమన్నాడు. ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా తోరా గీసిన కాలి వంతెన అది. ఊరివాళ్ళు ముచ్చటపడి, వాగు గడ్డకట్టగానే మంచు మీద నిలబడి కట్టేశారు. ఆ రోజే పన్నెండింటికి వాగు మీద స్కేటింగు పందేలు. ఊరంతా వంతెనెక్కి చూడాలని ఏర్పాటు.

"నా మనవరాలే గీసింది," అని కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంటూ తాత వంతెన కిందికి దిగి, జేబులోంచి టేపు తీశాడు. ఆ మనిషి పెళ్ళికి వెళ్ళినా టేపు లేకుండా వెళ్ళడు. దూలం కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"లెక్కలో దీని ఎత్తు ఎంత వేశావే?"

"పన్నెండంగుళాలు. అంటే మూడొందల అయిదు మిల్లీమీటర్లు."

"మందం?"

"రెండంగుళాలు. రెండు-పన్నెండు చెక్క కదా తాతా, పేరులోనే ఉందిగా!"

తాత టేపు ఆమె చేతికిచ్చాడు. ఎత్తు పదకొండుంపావు. మందం అంగుళంన్నర.

"ఆ పేరు పచ్చి చెక్కది తల్లీ. ఆరి, చిత్రిక పట్టాక మిగిలేది ఇంతే. కలప అడితిలో చీపురు పట్టేవాడికి కూడా తెలుసు. ఓ వేసవి అక్కడ పనిచెయ్యమని అందుకేగా మొత్తుకున్నాను!"

కాలేజీలో అన్నీ మిల్లీమీటర్లు, అడితిలో అన్నీ అంగుళాలు. పేరు చూసి తోరా అవే అసలు కొలతలనుకుంది, వాటినే మిల్లీమీటర్లు చేసుకుంది, ఒక్క చెక్కనైనా చేత్తో పట్టుకుని చూడలేదు. సంతకం పెట్టిన ప్రొఫెసరు ఆఖరి అంకె చూశాడే గానీ మొదటి అంకె చూడలేదు. ఫోన్లో మళ్ళీ లెక్క వేసింది. దూలాల బలంలో మూడో వంతు లేదు.

పైన అప్పుడే జనం చేరుతున్నారు. ఎవరో గంతేస్తే చెక్క కిర్రుమంది.

"తాతా, ఆపించాలి. ఇప్పుడే."

తాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "తొందరపడకు. ఎంతో కొంత అదనపు బలం పెట్టే కడతాంగా, నిలబడుతుందిలే. ముందు ఉంగరం పెట్టించుకో. సోమవారం చెబుదువుగాని."

చెంప ఛెళ్ళుమనిపించినా తోరా అంత అదిరిపడేది కాదు. చిన్నప్పుడు పిట్టల గూడు చెయ్యబోతే, పావంగుళం తేడా వచ్చిందని మూడుసార్లు విప్పించిన మనిషీయన!

"నువ్వేనా తాతా ఈ మాటంటున్నది?"

"ఇవాళ చెబితే డిగ్రీ ఆపేస్తారే పిచ్చిదానా! వచ్చిన ఉద్యోగమూ పోతుంది. వచ్చే ఏటికి నేనుంటానో లేదో!"

తోరా ఇంకేం వినలేదు. ఆయన చేతిలో బండి తాళాలు లాక్కుని గట్టెక్కింది. పికప్పు బండిని తెచ్చి వంతెన మొదట్లో అడ్డంగా పెట్టేసింది.

ఊరి పెద్ద మార్లిస్ పరుగెత్తుకొచ్చింది. "ఏమ్మాయ్, కళ్ళు నెత్తికెక్కాయా? బండి తియ్యి!"

"తియ్యను. ముందు అందర్నీ దింపండి."

"చెప్పడానికి నువ్వెవరు?"

"దీన్ని గీసింది నేనే. లెక్క తప్పు వేశాను. గుంపుగా నిలబడితే విరగొచ్చు."

మార్లిస్ వంతెన వైపు తిరిగి, దిగమని చెయ్యూపింది. జనంలోంచి ఎవడో అన్నాడు: "అంగుళమంటే తెలీకుండా నాలుగేళ్ళు ఏం వెలగబెట్టావమ్మా?" నలుగురు నవ్వారు. "నిజమే," అంది తోరా, కళ్ళనిండా నీళ్ళతో. మెల్లగా అందరూ దిగారు. పందేలు గట్టు మీంచే చూశారు.

ప్రొఫెసరుకి ఫోను చేసింది. తప్పు తనదీ ఉందన్నాడు. ఈ పూటకి ఉంగరం లేదన్నాడు, ప్రాజెక్టు మళ్ళీ చెయ్యాలన్నాడు, డిగ్రీ వచ్చే ఏడాదే అన్నాడు.

మూడు దాటింది. తాత బండిలో ఇస్త్రీ కోటుతో అలాగే కూర్చున్నాడు. తోరా పక్కన కూలబడింది.

"నీ కోరిక తీరలేదు తాతా."

"నాకు ఇరవై ఏడేళ్ళప్పుడు, ధాన్యం గోదాములో మనుషులెక్కి పనిచేసే ఓ ఇనుప అరుగు గీశాను," అన్నాడాయన అద్దంలోంచి ముందుకే చూస్తూ. "కట్టాక, ఓ శుక్రవారం తప్పు కనబడింది. సోమవారం చెబుదాంలే అనుకున్నాను. ఆదివారం కూలింది. లారెన్స్ ఫియాల్కో అని, ఒక మనిషి పోయాడు. తుప్పు పట్టి కూలిందన్నారు. నేను నోరు మెదపలేదు."

"అయితే... పొద్దున నన్ను పరీక్షించావా?" అంది తోరా, అవునంటే బాగుండునని.

"లేదే. నిజంగానే ఆగమన్నాను."

ఇన్నేళ్ళు తోరా దేవుడనుకున్న ఆ మనిషి, తన వేలి ఉంగరం ఊడదీసి ముందు అద్దం దగ్గర పెట్టేశాడు.

"ఆ ఫియాల్కో వాళ్ళవాళ్ళకి ఎప్పుడైనా చెప్పావా?"

"కూతురుంది. పక్క ఊళ్ళోనే. చెప్పలేదు."

తోరా లెక్కల పుస్తకంలోంచి తెల్ల కాగితం చించింది. ఉంగరం తీసి ఆయన చిటికెన వేలికి బలంగా తోసింది. చేతిలో కలం పెట్టింది.

"ఆ కూతురికి రాయి."

"ఇప్పుడా? చెయ్యి వణుకుతోందే, సోమవారం..."

అన్న మాట తన చెవినే పడి ముసలాయన ఆగిపోయాడు. మోకాలి మీద పుస్తకం, దాని మీద కాగితం పెట్టుకున్నాడు. మొదటి మాట రాస్తుంటే ఉంగరం కాగితానికి గరగరమని గీరుకుంది.