మూడంగుళాల కత్తి

తెరిచినా మూడంగుళాలే కదా, నా అరచేతిని కూడా దాటదు, ఇంత చిన్నదానికి ఎవరేమంటారు అనుకుంటూనే ఆఫీసు గేటు దగ్గర ఇవాళే కొత్తగా వచ్చిన స్కానర్ బెల్టు మీద బ్యాగును పెట్టాను, అది లోపలికి పోయింది గాని బయటికి రాలేదు, బెల్టు ఆగింది, నా వెనక లైను పెరుగుతోంది, మెడల్లో ఐడీ కార్డులు, చేతుల్లో ఫోన్లు, సెక్యూరిటీ సీతాబాయి తెర వైపు చూసి, నన్ను చూసి, మెర్సీ మేడమ్, జర పక్కకు రాండ్రి, బ్యాగుల చాకు గిట్ల ఉన్నదా అంది, ఉంది అన్నాను.

నిన్ననే శామ్యూల్ బాబాయికి ఫోన్ చేశాను, లాయరు కదా, ఆయనకు తెలుస్తుందని, చూడమ్మా, తొమ్మిదంగుళాల పొడవో రెండంగుళాల వెడల్పో దాటిన కత్తులు ఆయుధాల చట్టం కిందికి వస్తాయి, వంటకీ పొలానికీ చేసినవి వేరు, నీ చిన్న కత్తికి లైసెన్సు అక్కర్లేదు, కానీ ఆఫీసులవాళ్లు వాళ్ల రూలు ప్రకారం ఆపొచ్చు, పోలీసులైతే ఎందుకు పెట్టుకున్నావనే అడుగుతారు, ఇంతకీ నీకెందుకమ్మా అన్నాడు, ఊరికే బాబాయ్ అన్నాను, ఊరికే ఎవరైనా కత్తి కొంటారా, ఆదర్శ్ పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది, మా టీమే, ఇల్లు ఇంకోవైపు, నార్సింగిలో, అయినా సాయంత్రం నేనెక్కిన లింగంపల్లి రైలే ఎక్కుతాడు, నా వెనకే దిగుతాడు, మా సందు మొదట్లో నిలబడతాడు, వద్దని చెప్పాను, నవ్వాడు, మా గేటు ఫోటో తీసి నాకే పంపాడు, అమ్మకి చెబితే ఉద్యోగం మానెయ్యమంటుంది, నేనెందుకు మానాలి, అందుకే కొన్నాను, వారమంతా బ్యాగులో దాన్ని తడుముకుంటూ నడిచాను, భయం ఒక్క రవ్వ కూడా తగ్గలేదు.

పండ్లు కోసుకునేతందుకా మేడమ్, అంటోంది సీతాబాయి మెల్లగా, అట్లయితే ఈడ పెట్టి పోండ్రి, పొయ్యేటప్పుడు తీస్కపోండ్రి, ఫికర్ లేదు, ఎంత తేలిక, అవును అంటే చాలు, అనబోయాను కూడా, అంతలో వెనకనుంచి ఆ గొంతు, ఏంటి మెర్సీ, నైఫా, అంత డేంజరా నువ్వు, లైన్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు, తిరిగి చూశాను, ఆదర్శ్, ఇస్త్రీ చొక్కా, తలస్నానం చేసిన జుట్టు, ఎవరికైనా మంచివాడిలాగే కనిపిస్తాడు, పండ్లకని అంటే ఇవాళ సాయంత్రం మళ్లీ అదే రైలు, అదే సందు, సీతాబాయి వైపు తిరిగాను.

పండ్లకు కాదు సీతాబాయీ, ఇతను రోజూ మా ఇంటిదాకా నా వెంట వస్తున్నాడు, భయపడి కొన్నాను, కత్తి మీ దగ్గరే ఉంచండి, నాకక్కర్లేదు, గట్టిగానే అన్నాను, నవ్వులు ఆగిపోయాయి, ఏయ్, జోక్ చేస్తోందబ్బా అన్నాడు అతను, ఎవరూ నవ్వలేదు, సీతాబాయి కుర్చీలోంచి లేచి మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది, సారూ, మీరు ఆడ్నే ఆగుండ్రి, మేడమ్, మీరు చెప్పుండ్రి అంది, చెప్పాను, రైలు, సందు, ఫోటో, అన్నీ, వేధింపుల ఫిర్యాదులు చూసే ఇంటర్నల్ కమిటీకి ఇప్పుడే వెళ్తాను, అక్కణ్ణుంచి పోలీసుల షీ టీమ్‌కి, చెబుతుంటే ఊపిరి దారిన పడింది, ఇన్నాళ్లూ చీకటి సందులో ఒంటరిగా ఎదుర్కోవాలనే అనుకున్నాను, అతనికి కావలసింది కూడా అదే, నా ఒంటరితనమే, ఇక దాన్ని అతనికి ఇవ్వను.