సీలు విప్పని సూదులు

పొద్దున్నే టీ పెట్టడం మా కొత్త కాపురంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. ఒక్క కప్పే. మా ఆయన సగం తాగి ఇస్తే మిగతా సగం నాది. అతని పెదవి ఆనిన చోటే వెతుక్కుని మరీ తాగేదాన్ని. ఇంత చదువు చదివి ఇదేం పిచ్చే అని నన్ను చూసి నేనే నవ్వుకునేదాన్ని. పెళ్లికి స్నేహితురాళ్లిచ్చిన కప్పుల సెట్టు అట్టపెట్టె కూడా విప్పకుండా అటక మీదే ఉంది. "మన మధ్య నీది నాది ఏంటోయ్" అంటాడతను. ఆ మాట విన్న రోజు కాళ్లు నేల మీద ఆనేవి కావు.

నేను సూదుల సెంటర్లో పని చేస్తాను. మత్తుమందు నరానికి ఎక్కించుకునేవాళ్లు వాడేసిన సూదులు తెచ్చి మా దగ్గరున్న గట్టి డబ్బాలో వేస్తారు, కొత్తవి పట్టుకెళ్తారు. ఎప్పుడు మానతావని మేం నిలదీయం. మానేదాకా ప్రాణాలతో ఉండాలి కదా. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా మా అత్తగారు, "తాగుబోతుకి గ్లాసు కడిగిచ్చినట్టుంది నీ ఉద్యోగం" అంటుంది. ఇంటికి రాగానే నా సంచి చెప్పుల దగ్గరే దించాలి. నా బట్టలకి వేరే బకెట్టు. వంట చెయ్యడానికీ గిన్నెలు తోమడానికీ మాత్రం ఈ చేతులే పనికొస్తాయి.

ఆదివారం గిన్నెలు తోముతుంటే హాల్లోంచి మా ఆయన గొంతు వినిపించింది. "నెలాఖరుకి మానేస్తుందిలే అమ్మా, నేను చూసుకుంటాగా." నాతో ఆ ఊసే ఎత్తలేదు. అడిగితే నా తడి వేళ్లు ముద్దుపెట్టుకుని, "వీటికేమన్నా గుచ్చుకుంటే నేనేమైపోవాలి? నీ నిర్ణయం, నా నిర్ణయం అని ఉంటాయా మనకి?" అన్నాడు. ఎంత ప్రేమో అనుకున్నాను. మర్నాడే మా సెంటర్ నర్సమ్మకి, నెలాఖరుకి మానేస్తున్నానని చెప్పేశాను కూడా. ఇంట్లో ఉంటే కిటికీలకి ఏ రంగు కర్టెన్లు కుట్టుకోవాలా అని ఊహించుకుంటూ తిరిగాను.

నిన్న చిలక వచ్చింది. గలగలా మాట్లాడుతుందని నర్సమ్మ పెట్టిన పేరది. నా వయసే ఉంటుంది. మొగుడికీ ఆమెకీ ఇద్దరికీ సూది అలవాటే. అతను మా గుమ్మం తొక్కడు. ఇద్దరి సూదులూ ఆమే తీసుకెళ్లాలి, వాడినవి ఆమే తేవాలి. ఇంట్లో చెత్త పారబోసినట్టే ఇదీ ఆమె పనే. ఎప్పుడొచ్చినా, "ఏంటమ్మా కొత్త పెళ్లికూతురూ, మొహం తెగ వెలిగిపోతోందే!" అని ఆటపట్టిస్తుంది.

నిన్న మాత్రం చిలక నర్సమ్మ గదిలోంచి నన్ను ఆటపట్టించకుండానే బయటికొచ్చింది. రక్తపరీక్షలో హెచ్ఐవి ఉందని తేలింది. మందులు క్రమం తప్పకుండా వేసుకుంటే బాగానే బతకొచ్చని నర్సమ్మ ధైర్యం చెప్పింది. చిలక నా ఎదురుగా కూర్చుని, సంచిలోంచి ప్లాస్టిక్ సీసా తీసి వాడిన సూదులు డబ్బాలోకి వంచింది. తర్వాత ఒక కవరు నా ముందు పెట్టింది. అందులో సూదుల సీలు కూడా విప్పలేదు.

"ఇవేంటి?"

"నా వాటావి. ఇంకెవరికన్నా ఇవ్వు."

"మరి నువ్వు?"

"ఆయన ఎక్కించుకున్నాక అదే నాకిస్తాడు. మొదట్లో ఓసారి నాది వేరేగా విప్పబోయాను. ఎంత చిన్నబుచ్చుకున్నాడనుకున్నావ్! నాకేం రోగముందనుకున్నావే, మన మధ్య నీది నాది ఏంటే, అన్నాడు." నవ్వబోయింది. కుదరలేదు. "అప్పుడు భలే ముద్దొచ్చాడు తెలుసా."

కవరు తీసి మళ్లీ ఆమె చేతిలోనే పెట్టాను. "ఇవి నీవి. నువ్వే వాడాలి."

"ఇంకా ఏం మిగిలిందని?"

"నువ్వున్నావుగా."

కవరు అటూ ఇటూ తిప్పి చూసి సంచిలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "నెలాఖరుకి మానేస్తున్నావటగా. నన్నిలా గదమాయించేదెవరు మరి?" అంది. జవాబు కోసం ఆగలేదు.

ఈ పొద్దున అటక మీంచి అట్టపెట్టె దించి, రెండు కప్పులు తీసి కడిగాను.

"రెండెందుకోయ్? అలిగావా?" మా ఆయన నవ్వాడు. "మన మధ్య నీది నాది ఏంటి?"

నా కప్పు ఎత్తి ఒక గుక్క తాగాను. నాలుక చురుక్కుమంది. మొదటి గుక్క ఇంత వేడిగా ఉంటుందన్న సంగతే మరిచిపోయాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

"ఉద్యోగం నాది," అన్నాను. "నేను మానడం లేదు."