బావికి ఊపిరి

ఇసోబె ఉప్పు చల్లి, గట్టు మీద బియ్యపు సారా సాకే ఒలికించి, వెదురు గొట్టాన్ని నిలువునా బావిలోకి దించాడు. లారీ వెనక్కి వచ్చి ఇసుక వదిలింది.

పూజారి అప్పటికే వెళ్లిపోయాడు. ఇల్లు రేపు కూల్చేస్తారు. బావులు పూడ్చడమే ఇసోబె పని. వంగిన నడుము, రబ్బరు బూట్లు, గోళ్లలో ఏ బావి బురదో చెప్పలేని నలుపు. పూడ్చిన ప్రతి బావిలోనూ గొట్టం నిలిపాడు, లోపలి కామికి, ఆ నీటి దైవానికి, ఊపిరాడాలని, వెళ్లదలిస్తే దారి ఉండాలని. ప్రతిసారీ దానికి చెవి ఆనించేవాడు. ఎన్నడూ ఏమీ వినపడలేదు.

ఇంటి యజమానురాలు తోసె మెల్లగా వచ్చింది. ఆమెను వృద్ధాశ్రమానికి తీసుకెళ్లే మేనకోడలి కారు వీధిలో ఆగి ఉంది.

"బావిలో ఆవిడ వెళ్లిందా?"

"ఆవిడా? నేను ఆయననుకుంటున్నానే."

"ఎప్పుడైనా చూశావా?"

"లేదు."

"నేనూ చూడలేదనుకో. కానీ పెళ్లయి వచ్చినప్పటినుంచి పొద్దున్నే పలకరిస్తున్నది నేను. ఆవిడే."

తోసె గొట్టానికి చెంప ఆనించింది. చాలాసేపు కదల్లేదు.

"గాలి రావట్లేదు నాయనా. ఆవిడ లోపలుండగానే మూసేస్తున్నారు. నేనెక్కడికీ రాను."

లారీలోంచి డ్రైవర్ నగాతా తల బయటపెట్టాడు. "బామ్మగారూ, అది వెదురు గొట్టం, ఫ్యాను కాదు. పెద్దాయనా, మిగతా ఇసుక పొయ్యనా?"

ఇసోబె గొట్టంలోకి ఊదాడు. ఊపిరి తిరిగి అతని ముఖానికే కొట్టింది. వెదురు దించేముందు కణుపులన్నీ పొడిచి గుల్ల చేయాలి. పొద్దున పొడుస్తుండగా ఫోన్ మోగింది. చివరి కణుపు మిగిలిపోయింది.

"ఆగు."

"ఎవరికి తెలుస్తుంది?"

"లోపలున్నవాళ్లకి."

ఇనప కడ్డీ గొట్టంలోకి దించి సుత్తి అందుకున్నాడు. గట్టిగా కొడితే వెదురు చీలి ఇసుక నిండిపోతుంది. ఇంకో గొట్టం దించడానికి బావి మిగల్లేదు. ఊపిరి బిగబట్టి చిన్నగా కొట్టాడు. మళ్లీ కొట్టాడు. టప్పున కడ్డీ కిందికి జారింది.

కడ్డీ పైకి లాగగానే చల్లటి గాలి తగిలింది. నాచు వాసన. చెవి పెట్టాడు. ఏమీ లేదు. తోసెకి చోటిచ్చాడు.

ఆమె నెరిసిన ముంగురులు కదిలాయి.

"బయల్దేరింది," అంది.

"ఎక్కడికమ్మా?"

"అడగలేదు. నేనెక్కడికి పోతున్నానని ఆవిడా అడగలేదుగా."

మిగతా ఇసుక పడింది. ఇసోబె దాన్ని పారతో సర్ది తలెత్తేసరికి కారు మలుపు తిరుగుతోంది. తోసె మేజోళ్లతోనే వెళ్లిపోయింది. గట్టు మీద, గొట్టం పక్కన ఆమె చెప్పులున్నాయి, సెలవు తీసుకునే అతిథి కోసం ఇంటివాళ్లు తిప్పి పెట్టినట్టు, మొనలు వీధివైపుకి.