కంచె అవతలి చప్పుడు

ఆవాలు చిటపటమన్నాయి.

ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు... బాణలి మీద ఒక్కసారిగా చిన్న వాన.

మోహన్ చెయ్యి చాపి ఆ వాన మీద ఫోను పట్టుకున్నాడు.

"డెబ్భై ఎనిమిది."

"నూనె చిందుతుంది. జరగండి," అంది రేణు.

"చూశావా? ఒక్క తాలింపుకే డెబ్భై ఎనిమిది డెసిబెల్స్. మూడొందల మంది కలిసి అరిస్తే?"

"అయితే తాలింపు మానేయమంటారా?"

వారం నుంచీ ఇదే. పొద్దున కాఫీలో ఇదే. రాత్రి పెరుగన్నంలో ఇదే.

ట్రాయ్ ఊళ్ళో ఈ అపార్ట్‌మెంట్‌కి వచ్చి తొమ్మిదేళ్ళు. ఇళ్ళు చూడటం మొదలుపెట్టి నాలుగేళ్ళు. ఇన్నాళ్ళకి రేణుకి ఒక ఇల్లు నచ్చింది. ఎర్ర ఇటుకల ఇల్లు. వంటింటి కిటికీలోకి ఎండ. వెనక పెరడు. పెరటి చివర చెక్క కంచె.

కంచె అవతల, నిన్నటిదాకా ఖాళీ పొలం.

ఈ వసంతంలో అక్కడ కొత్తగా ఫుట్‌బాల్ గ్రౌండ్ వెలిసింది. ఇక్కడివాళ్ళు సాకర్ అంటారే, కాలితో ఆడేది, అది. వేసవి అంతా శనివారం శనివారం మ్యాచ్‌లు.

ఇల్లు చూపించిన ఏజెంట్ సోమవారం దాకా గడువిచ్చింది.

ముందు ఒక మ్యాచ్‌కి వెళ్దాం, అన్నాడు మోహన్. చప్పుడు కొలుద్దాం. ఆ తర్వాత మాట్లాడదాం.

కొలవడం కాదది. వంక వెతకడం. రేణుకి తెలుసు.

ప్రతి ఇంటికీ ఒక వంక దొరికింది. ఒకటి దక్షిణం మొహం. ఒకదానికి వీధిపోటు. ఒకదాని బేస్‌మెంట్‌లో చెమ్మ వాసన. ఒక ఇంటి పక్కవాళ్ళ కుక్క మోహన్ వైపు అదోలా చూసింది.

అపార్ట్‌మెంట్‌లోని చలికోట్ల అల్మరాలో కోట్లకి చోటు లేదు. టీవీ వచ్చిన అట్టపెట్టె, మైక్రోవేవ్ వచ్చిన అట్టపెట్టె, మిక్సీది, రైస్ కుక్కర్‌ది... అన్నీ ఖాళీవి. అన్నీ భద్రంగా. కార్ల కంపెనీలు కుప్పకూలిన ఏడాది మోహన్ ఉద్యోగం పోయింది. ఇక దేశం వదిలి వెళ్ళిపోవాల్సిందేనని సామానంతా ఆ పెట్టెల్లో సర్దేశారు. చివరి నిమిషంలో ఇంకో ఉద్యోగం దొరికింది. సామాను మళ్ళీ బయటికొచ్చింది.

పెట్టెలు మాత్రం ఉండిపోయాయి.

గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు.

ఆ మాట మోహన్ అనడు. వీధిపోటు అంటాడు. చెమ్మ అంటాడు. కుక్క అంటాడు. ఇప్పుడు చప్పుడు అంటున్నాడు.

శనివారం మ్యాచ్‌కి బయల్దేరారు. కారు వెనక సీట్లో అత్తగారు లీలావతి, ఒళ్ళో పులిహోర డబ్బా. ఆవిడ వచ్చి నెలైంది. పక్కన నిధి. పధ్నాలుగేళ్ళు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు.

"అక్కడ అవుట్‌సైడ్ ఫుడ్ అలౌడ్ కాదు నానమ్మా. ప్లీజ్ అది ఓపెన్ చెయ్యకు."

"ప్రసాదమని చెబుతాలే."

"ఓ మై గాడ్."

* * *

గాలి వీచింది. గడ్డి వంగింది.

గ్రౌండ్ అంతా కొత్త రంగు వాసన. కొత్త బెంచీలు, కూర్చుంటే చలి వెన్నుదాకా పాకే అల్యూమినియం బెంచీలు. గడ్డిని ఎక్కణ్ణుంచో చుట్టలుగా తెచ్చి చాపల్లా పరిచినట్టున్నారు, అతుకులింకా కనిపిస్తున్నాయి. గోల్ వెనక ఎత్తైన స్తంభాలు పాతారు. వాటికి కట్టాల్సిన వల ఇంకా రాలేదు.

స్తంభాల వెనక కంచె.

కంచె వెనక ఇల్లు.

రేణు ఆట వైపు చూడలేదు. కిటికీ వైపు చూసింది. ఎండ పడి అది ఒకసారి మెరిసింది... ఎవరో లోపల దీపం వేసినట్టు.

మైదానం మధ్యలో అడవి బాతులు. పదిహేనో ఇరవయ్యో. ఆటగాళ్ళంతా చేతులూపుకుంటూ వాటి వెంట పడ్డారు. బాతులు బద్ధకంగా నాలుగడుగులు వేసి ఆగాయి. మళ్ళీ తరిమారు. మళ్ళీ నాలుగడుగులు.

"ఇదేనా ఆట?" అంది లీలావతి.

"నో నానమ్మా, ఇంకా స్టార్ట్ అవలేదు."

"ఇది చాలే. బానే ఉంది."

ఊరి జట్టు పేరు హెరన్స్. అంటే కొంగలు. కొంగలు ఆడాల్సిన చోట బాతులు. ఆడేది సెలవులకి ఇంటికొచ్చిన కాలేజీ కుర్రాళ్ళు, ఒక బ్యాంకు గుమాస్తా, పిజ్జాలు చేసే అతనొకడు. జీతాల్లేవు. టీవీలో రారు. అయినా ఆకుపచ్చ కండువాలు వేసుకుని ఒక గుంపు వచ్చింది. వాళ్ళతో పాటు ఒక డ్రమ్ము. ఎద్దుబండి చక్రమంత.

ఢమ్.

"తొంభై ఒకటి!" అన్నాడు మోహన్. మొహం వెలిగిపోయింది.

ఢమ్. ఢమ్.

"తొంభై మూడు!"



ఆ నిమిషం నుంచి ఇంట్లో జట్లు తేలిపోయాయి. కొంగలు బంతి పట్టుకుని ముందుకి ఉరికితే జనం లేస్తారు, చప్పుడు లేస్తుంది, మోహన్ లేస్తాడు. ఒహాయో నుంచి వచ్చిన జట్టు దగ్గర బంతి ఉంటే అంతా చప్పబడుతుంది. అందుకని రేణు ఒహాయో వైపు. అప్పటికప్పుడు. మనస్ఫూర్తిగా.

ఏడుకొండలవాడా, కొంగలు గోల్ వెయ్యకుండా చూడు తండ్రీ.

కొంగలు గోల్ వేశాయి.

మోహన్ రెండు చేతులూ ఆకాశంలోకి ఎత్తాడు. ఒక చేతిలో ఫోను. "తొంభై ఏడు! రేణూ, తొంభై ఏడు!" పక్కన కూర్చున్న లావుపాటాయనకి ఆ ఆనందం నచ్చింది. మోహన్‌ని వాటేసుకున్నాడు. తన మెడలో కండువా తీసి మోహన్ మెడలో వేశాడు.

"హి ఈజ్ సో ఇన్‌టు ఇట్," అంది నిధి, నమ్మలేక.

కాసేపటికి ఒహాయో గోల్ వేసింది. నిశ్శబ్దం. ఎంత హాయైన నిశ్శబ్దం! ఆ నిశ్శబ్దంలో ఒక్కరే చప్పట్లు కొట్టారు.

రేణు.

మూడొందల మొహాలు వెనక్కి తిరిగాయి. ఒహాయో గోల్‌కీపర్ దూరం నుంచి చెయ్యి ఊపాడు.

"అమ్మా! మనం ఎవరి సైడ్?"



"నువ్వు చెప్పమ్మా," అన్నాడు మోహన్ తల్లివైపు తిరిగి. "ఈ మోతలో మనిషికి నిద్ర పడుతుందా?"

లీలావతి పులిహోరలో జీడిపప్పు ఏరుకుంటోంది.

"రైసుమిల్లు పక్కన ఇరవై ఏళ్ళు కాపురం చేశాన్రా. మిల్లు ఆగితే మీ నాన్నకి మెలకువొచ్చేది."

* * *

గాలి పెరిగింది. బంతికి రెక్కలొచ్చాయి.

రెండో సగంలో ఒక బంతి గోల్ పైనుంచి లేచి, స్తంభాల మధ్యనుంచి దూరి, కంచె దాటింది. ఇంకో బంతి తెచ్చారు. అదీ దాటింది. మూడోది తెచ్చారు.

మూడోది అందరికంటే అందంగా దాటింది.

ఆట ఆగిపోయింది. చిన్న క్లబ్బు. ఇక బంతుల్లేవు.

మైకులో ఎవరో అడిగారు, ఆ ఇంటివాళ్ళు ఇక్కడెవరైనా ఉన్నారా అని. జనం నవ్వారు.

ఉండరు. ఖాళీ ఇల్లు. పక్క గేటు గడియ పైకెత్తి, భుజంతో తోస్తేనే తెరుచుకుంటుంది. అది కూడా రేణుకి తెలుసు.

రేణు లేచింది.

"ఎక్కడికి?"

"బంతులు తెస్తాను."

"రేణూ, కూర్చో. అది మన ఇల్లు కాదు. ట్రెస్‌పాసింగ్ అంటారు. ఎవరన్నా పోలీసుల్ని పిలిస్తే?" మోహన్ గొంతు తగ్గింది. ఇంకా తగ్గింది. "వీసా మీద ఉన్నాం మనం."

ఇన్నేళ్ళకి ఆ మాట నేరుగా బయటికొచ్చింది. కుక్క వేషం లేకుండా. చెమ్మ వేషం లేకుండా.

అంత మెల్లగా అన్నాడు. చేతిలో ఫోను కూడా లెక్కపెట్టనంత మెల్లగా.

రేణు ఆయన మొహంలోకి చూసింది. మెడలో ఆకుపచ్చ కండువా. కళ్ళలో పాత భయం.

"తెలుసండీ," అంది.

వెళ్ళింది.

గ్రౌండ్ పక్క కాలిబాట. వీధి. మలుపు. గేటు. గడియ. భుజం.

పెరట్లో గడ్డి మోకాళ్ళదాకా పెరిగింది. గడ్డినిండా పసుపుపచ్చని పూలు. పూల మధ్య మూడు బంతులు, ఏదో పెద్ద పిట్ట పెట్టి మరిచిపోయిన గుడ్లలా.

ఒకటి చేతిలోకి తీసుకుంది. విసరలేదు.

విన్నది.

ఢమ్... ఢమ్...

కంచె ఏమీ ఆపడం లేదు. డ్రమ్ము గుండెల్లోనే మోగుతోంది. మోహన్ చెప్పింది నిజం. ఆయన వెతికిన వంకలన్నిట్లో ఇదొక్కటే నిజం.

పక్క వీధిలో పెళ్ళవుతున్నట్టుంది. మేళం. కేకలు. ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు.

తొమ్మిదేళ్ళు కార్పెట్ మీద మెత్తగా నడిచారు. కింద ఫ్లాట్ వాళ్ళకి వినపడకూడదని. మిక్సీ రాత్రి ఎనిమిది దాటితే వెయ్యలేదు. చిన్నప్పుడు నిధి గెంతితే మోహన్ పరిగెత్తుకొచ్చి, ష్, అనేవాడు. నిధి గెంతడం మానేసింది. ఇంట్లో రోజంతా వినపడేది ఫ్రిజ్ ఒక్కటే.

ఎవరికీ వినపడకుండా బతకడం... ఎంత బాగా నేర్చుకున్నారు!

గాలి వీచింది. పసుపుపూలన్నీ ఒక్కసారి తలలూపాయి.

"మేడమ్? బాల్?" కంచె అవతలినుంచి ఎవరో.

"అమ్మా! నిద్రపోతున్నావా? త్రో చెయ్!" నిధి గొంతు. అరుస్తోంది. నిధే, అరుస్తోంది!

రేణు విసిరింది. బంతి కంచెకి తగిలి వెనక్కొచ్చింది.

ఓఓఓ... అంది జనం.

మళ్ళీ విసిరింది. కంచె అంచు మీద ఒక క్షణం ఆగి, ఆలోచించుకుని, వెనక్కే వచ్చింది.

ఓఓఓ... డ్రమ్ము మెల్లగా మొదలైంది. ఢమ్. ఢమ్. ఢమ్ఢమ్.

చున్నీ నడుముకి బిగించింది. రెండు చేతులతో, బియ్యం మూట అటక మీదికి ఎత్తేసినట్టు, ఒక్క ఊపు—

దాటింది.

అవతల ఆకాశం విరిగిపడింది. తనకోసం. ఎవరూ కనపడలేదు, తనెవరో ఎవరికీ తెలీదు... అయినా తనకోసమే.

తిరిగి చూస్తే కంచె పైన రెండు చేతులు. ఆకుపచ్చ కండువా. మోహన్ తల.

"ఇటివ్వు మిగతావి. తొందరగా."

"దేనిమీద నించున్నారు?"

"ఆ లావుపాటాయన కూలర్ పెట్టె మీద. కూల్‌డ్రింకులున్నాయట, పగలకూడదట. తొందరగా ఇవ్వు."

ఒకటి ఇచ్చింది. ఇంకోటి ఇచ్చింది.

"పోలీసులొచ్చారా?"

"ఇంకా రాలేదు." తల దిగిపోయింది. మళ్ళీ లేచింది. "చెయ్యి నొప్పెట్టిందా?"

* * *

కొంగలు ఓడిపోయాయి. ఒహాయో చివర్లో ఇంకోటి వేసింది. రేణు ఈసారి చప్పట్లు కొట్టలేదు.

కార్లో నలుగురూ కూర్చున్నారు. పార్కింగ్ మెల్లగా ఖాళీ అవుతోంది.

"ఒరేయ్, నువ్వు నా చేతిలో పెట్టిపోయిన ఫోన్లో నూట ఒకటి అని వచ్చిందిరా," అంది లీలావతి. "నీ పెళ్ళాం బంతి వేసినప్పుడు."

మోహన్ తల ఊపాడు. తాళంచెవి పట్టుకునే ఉన్నాడు. తిప్పలేదు.

"కంచె లోపల ఎలా ఉంది?" అని అడిగాడు.

రేణు ఏం చెబితే అదే నమ్ముతాడు. లోపల ఏం వినపడదండీ... ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఒక చిన్న మాట. ఇల్లు తనదైపోయే మాట.

"ఎక్కువే ఉంది," అంది. "మీరు చెప్పినట్టే. తలుపులేసుకున్నా వినపడుతుంది."

కారు అద్దంలోంచి ఒకసారి కంచె వైపు చూసింది.

"నాకు ఆ ఇల్లే కావాలి."

గట్టిగా అనలేదు. కార్లో ఉన్న ముగ్గురికీ సరిపోయేంత.

"కార్డ్ రాకపోతే రాకపోనీండి. వెళ్ళిపోవాల్సొస్తే ఆ ఇంట్లోంచే వెళ్దాం. సోమవారం పొద్దున్నే ఏజెంట్‌కి నేను ఫోన్ చేసి, తీసుకుంటున్నామని చెబుతాను."

నిధి ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసింది. తర్వాత రెండో చెవిలోంచి.

"పాలు పొంగించడానికి కొత్త గిన్నె చూడాలైతే," అంది లీలావతి, కిటికీ బయటికి చూస్తూ.

మోహన్ మెడలో కండువా ఇంకా తీయలేదు.

తాళంచెవి తిప్పి, తన వైపు అద్దం కిందికి దించాడు.

గాలి లోపలికొచ్చింది. కోసిన గడ్డి వాసన. వెనకాలే, ఓడిపోయిన జట్టు కోసం ఇంకా ఆగని డ్రమ్ము... దూరంగా, తెరలు తెరలుగా, వాన ఎక్కడో మొదలవుతున్నట్టు...