పక్కన కూర్చున్న ఒత్తు

కొత్త టీవీ గోడకెక్కింది. షాపు నుంచి వచ్చిన మెకానిక్ దాన్ని బిగించి, అక్షరాలు తెలుగులో కనపడేలా పెట్టి, రిమోట్ నా చేతికిచ్చాడు.

"ఇక నెట్ కలుపుకోవడమే తాతగారూ. పాస్‌వర్డ్ కొట్టండి, అయిపోతుంది. తెలియకపోతే నెట్ పెట్టె అడుగున అంటించి ఉంటుంది, చూసుకోండి" అన్నాడు.

అది కూడా కలిపి వెళ్ళమని అడుగుదామనుకున్నాను. నేను అనుకోవడం పూర్తయ్యేలోపు అతను మెట్లు దిగిపోయాడు.

ఆ టీవీ మా ఆవిడ కోసం కొన్నది. ఆమెకు ఒక కంట్లో శుక్లం తీశారు, రెండో కంట్లోది ఇంకా తీయాలి. ఫోనులో బొమ్మలు ఆమెకు చీమల బారులా కనిపిస్తాయి. తెర పెద్దదై, దగ్గరగా కుర్చీ వేసుకుంటే మనిషిని పోల్చుకోగలదు. ఆ మధ్యాహ్నం ఆమె పోల్చుకోవలసిన మనిషి మా కోడలు.

కోడలు ఫుట్‌బాల్ రిఫరీ. మా ఆవిడ ఆమెను ఈలమ్మా అని పిలుస్తుంది. ఇన్నాళ్ళూ మైదానం అంచున గీత వెంట జెండా పట్టుకుని పరిగెత్తేది. ఆ రోజు మొదటిసారి మైదానం మధ్యలో నిలబడి ఈల ఊదబోతోంది. ఆడేది మగవాళ్ళు. మామూలు ఛానళ్ళలో రాదు, నెట్‌లోనే చూపిస్తారు.

అయిపోయాక ఎప్పుడైనా తీరిగ్గా చూడొచ్చు కదా అని నేను ముందు రోజు అన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు.

"చల్లారిపోయాక చూసేదేముంది? ఆ జట్టుకి ఈ జట్టుకి చప్పట్లు కొట్టేవాళ్ళు ఉంటారు. మధ్యలో ఉన్న దానికి ఎవరుంటారు? రెండు వైపుల వాళ్ళూ తిడతారు. అది పరిగెత్తేటప్పుడు నేను చూస్తూ ఉంటానని మాటిచ్చాను" అంది.

మాటిచ్చింది ఆవిడ. నెట్ కలపవలసింది నేను.

పాస్‌వర్డ్ సంగతి నేను పొద్దున్నే అడిగాను. కోడలు గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు బిగించుకుంటోంది. కింద కారు హారన్ కొడుతోంది.

"టీవీకి పాస్‌వర్డ్ ఏంటమ్మా?" అన్నాను.

"చెప్పను మామయ్యా" అంది నవ్వుతూ. "అత్తయ్య కంట్లో చుక్కలు మర్చిపోకండేం." సంచీ భుజాన వేసుకుని పరుగున వెళ్ళింది.

నేను ఒకసారి అడిగింది రెండోసారి అడగను. చెప్పనన్న మనిషిని బతిమాలి చెప్పించుకోవడం నాకు చేతకాదు. కుట్టు మిషన్ ముందు కూర్చున్నాను. ఎవరిదో ప్యాంటు నడుము వదులు చేయాలి. కుట్టు విప్పుతున్నంత సేపూ అదే ఆలోచన. ఎందుకు చెప్పనంది? మొన్న ఇస్త్రీపెట్టె తీగ అనుకుని నెట్ పెట్టె తీగ పీకేశాను. కోడలు అప్పుడు ఎవరితోనో కంప్యూటర్లో మాట్లాడుతోంది. అప్పుడేమీ అనలేదు. లోపల పెట్టుకుందేమో. ముసలాయన చేతికి పాస్‌వర్డ్ కూడా ఇస్తే ఇంకేం పీకుతాడోనని భయపడిందేమో. భయపడితే తప్పు లేదు. కాని నవ్వుతూ చెప్పనన్నది గుచ్చుకుంది. సూది పోటు లాంటిదే. రక్తం రాదు, వేలు మాత్రం ఊరుకోదు.

మెకానిక్ వెళ్ళాక నెట్ పెట్టె తిరగేశాను. అడుగున కాగితం మీద అన్నీ అంకెలే ఉన్నాయి. అంకెలైతే నాకు భయం లేదు, టేపు పట్టి కొలిచే చేతులు. భూతద్దం పెట్టి చూస్తూ రిమోట్‌తో ఒక్కొక్కటే కొట్టాను. పాస్‌వర్డ్ తప్పు అని ఎర్రగా పడింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ తప్పంది. షాపుకి ఫోన్ చేస్తే, "పాతది తీసేసి మీవాళ్ళు కొత్తది పెట్టుకుని ఉంటారు. వాళ్ళనే అడగండి" అని పెట్టేశాడు.

మా ఆవిడ లోపలి గదిలోంచి వచ్చింది. ఉతికిన బట్టలు కట్టుకుంది, తల దువ్వుకుంది.

"నిన్ను వాళ్ళెవరూ చూడరు" అన్నాను.

"తెలుసులెండి. మీరైనా చూస్తారని" అంది. చేత్తో తడుముకుంటూ కుర్చీని టీవీకి మూరెడు దూరంలోకి లాక్కుని కూర్చుంది. "ఏదీ, పెట్టండి. మొదలయ్యే వేళయింది."

"నెట్ కలవలేదు."

"ఎందుకు కలవలేదు?"

"పాస్‌వర్డ్ లేదు."

"ఈలమ్మకి ఫోన్ చేయండి."

చేశాను. ఆపేసి ఉంది. మైదానంలోకి వెళ్ళేముందు వాళ్ళ ఫోన్లు తీసి లోపల పెట్టేస్తారు. మా అబ్బాయి పనిచేసే ఫ్యాక్టరీలో గేటు దగ్గరే ఫోన్లు తీసుకుంటారు. వాడూ దొరకడు.

మా ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తెర మీద నీలం రంగు తప్ప ఏమీ లేదు. ఆ నీలాన్నే చూస్తూ, "పొద్దున అది ఇంట్లోనే ఉంది కదా. అడగొచ్చు కదండీ" అంది.

"అడిగాను."

"మరి?"

ప్యాంటు తీసి మడత పెట్టాను.

"మిమ్మల్నే. అడిగితే ఏమంది?"

"చెప్పనంది."

ఆవిడ నా వైపు తిరిగింది. ఆ కంటికి నేను మసగ్గానే కనపడతాను, అయినా చాలాసేపు చూసింది.

"ఎవరు? మన ఈలమ్మా?"

"ఆ."

"మీతోనా?"

"నాతోనే."

"పొద్దుట్నుంచీ మొహం గంటు పెట్టుకుని ఉన్నది ఇందుకా? కంట్లో చుక్కలు వేసేటప్పుడు కూడా నోరు విప్పలేదు. కుట్లు ఊడదీస్తున్నారు గదా, ఆ పని చిరాకేమో అనుకున్నాను."

"అది కూడా ఉంది."

"ఆగండి. అది ఏమందో అన్నది అన్నట్టు చెప్పండి. మీ సొంతం కలపొద్దు."

సొంతం కలపడానికి నా దగ్గర అన్ని మాటలు ఎక్కడివి? "పాస్‌వర్డ్ ఏంటమ్మా అన్నాను. చెప్పను మామయ్యా అంది. నీ కంట్లో చుక్కలు వేయమని వెళ్ళింది."

"కోపంగా అందా?"

"నవ్వుతూ అంది."

"వెటకారంగా నవ్విందా?"

ఆలోచించాను. "లేదు. ఎప్పుడూ నవ్వినట్టే."

మా ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. "ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల మీతో ఒక్కసారైనా కాదు, లేదు అనడం విన్నారా? మొన్న మీరు తీగ పీకితే, తనే పీకానని ఆ కంప్యూటర్లో వాళ్ళకి చెప్పుకుంది. నేను పక్కనే ఉన్నాను."

ఆ సంగతి నాకు తెలియదు.

"అలాంటి పిల్ల, అత్త చూడాలని టీవీ కొని గోడకి పెట్టించి, చూసే దారి మూసేసి పోతుందా? నేను నమ్మను. మీరు అడిగారు, అది చెప్పింది."

"చెప్పలేదంటుంటే."

"చెప్పను అని చెప్పింది కదా. అదే కొట్టండి."

"ఏది?"

"చెప్పను. ఆ మాటే పాస్‌వర్డ్."

నాకు అది తలకెక్కడానికి కొంతసేపు పట్టింది. ఎక్కాక రిమోట్ తీసుకున్నాను. తెర మీద అక్షరాల గళ్ళు వచ్చాయి. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు.

నేను బడికి వెళ్ళింది మూడేళ్ళే, అందులో ఇంగ్లీషు లేదు. నాకు తెలిసిన ఇంగ్లీషు చొక్కాల మెడల వెనక ఉండే సైజులు. చిన్నదానికొకటి, మధ్యరకానికొకటి, పెద్దదానికొకటి, లావుపాటి వాళ్ళకొకటి. ఈ మాటలో వాటిలో ఒక్కటీ లేదట. మా ఆవిడ పదో తరగతి దాకా చదువుకుంది. ఆవిడకు అక్షరాలు తెలుసు, కనపడవు. నాకు కనపడతాయి, తెలియవు.

"నేను చెప్తాను, మీరు వెతకండి" అంది. "మొదటిది, విరిగిన గాజు ముక్క. నోరు కుడివైపు."

దొరికింది. బాణం గుర్తుతో దాని మీదికి వెళ్ళి నొక్కాను.

"తర్వాతది కుర్చీ. పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా."

కుర్చీ దొరికింది.

"గాజు ముక్కకి మధ్యలో అడ్డంగా కుట్టు వేసినట్టు."

అదీ దొరికింది.

"ఇప్పుడు, కర్రకి గుండ్రం అంటించి ఉంటుంది."

"అలాంటివి నాలుగున్నాయి."

"పొట్ట కుడివైపుకి ఉన్నది."

"అవి రెండున్నాయి."

"వాటిలో కాలు కిందికి దిగినది."

నొక్కాను. తర్వాత గుండ్రం పక్కన పొట్టి కర్ర. తర్వాత గుమ్మం. చివరికి ఆ గుమ్మమే తలకిందులు. రిమోట్ ఒక్కోసారి గడి దాటి పక్క దాని మీదికి దూకుతోంది. చెరిపి మళ్ళీ కొట్టాను. సూదిలో దారం ఎక్కించినంత నిదానంగా చేశాను. మా ఆవిడ ఊపిరి బిగబట్టి కూర్చుంది.

పాస్‌వర్డ్ తప్పు అని పడింది.

"మొదలైపోయి ఉంటుంది" అంది ఆవిడ. గొంతు తగ్గింది. "ఇది కూడా కాదేమో. నేనే ఊహించుకున్నానేమో. ఇక వదిలేయండి."

ఆవిడ వదిలేయమంటే నాకు బాగుండలేదు. కొట్టిన అక్షరాలు తెర మీద అలాగే ఉన్నాయి. వాటిని చూశాను. నాకు అవి చదవడం రాదు, కాని తెలుగులో ఆ మాట రాయడం వచ్చు. వేలితో మోకాలి మీద రాసుకున్నాను. చ, దానికి ఎత్వం. ప. కింద ఒత్తు.

"ఒత్తు ఏది?" అన్నాను.

"ఏంటి?"

"ప కింద ప ఒత్తు ఉండాలి. నువ్వు చెప్పిన వాటిలో దేని కిందా ఏమీ లేదు. మీ ఇంగ్లీషులో ఒత్తులు ఉండవా?"

ఆవిడ నెత్తి కొట్టుకుంది. "ఉంటుంది. వాళ్ళకి కింద పెట్టే అలవాటు లేదు, పక్కన కూర్చోబెడతారు. కాలు కిందికి దిగినది ఇంకొకటి కొట్టండి, దాని పక్కనే."

వెనక్కి చెరుపుకుంటూ వెళ్ళాను. ఒత్తును తెచ్చి దాని పక్కన కూర్చోబెట్టాను. గుండ్రం పక్కన కర్ర, గుమ్మం, తలకిందుల గుమ్మం. నొక్కాను. తెర మధ్యలో చుక్కలు గుండ్రంగా తిరిగాయి. తిరిగి తిరిగి ఆగాయి. నెట్ కలిసింది అని పడింది.

మా ఆవిడకు అది చదివి వినిపించాను. ఆవిడ నా చేతిలోంచి రిమోట్ లాక్కుంది. మైకు బొత్తాం నొక్కి, కోడలు నేర్పినట్టు మైదానం పేరు చెప్పాలి. ఆవిడ ఊరికే పేరు చెప్పే మనిషి కాదు. "ఇదిగో నాయనా, మా కోడలు ఆడిస్తున్న మ్యాచ్ ఉంది చూడు, అది కాస్త పెట్టు" అంది. టీవీ ఎవరిదో పెళ్ళి వీడియో పెట్టింది.

"పేరు చెప్పు. చుట్టరికాలు దానికెందుకు" అన్నాను.

పేరు చెప్పింది. పచ్చటి మైదానం తెర నిండా వచ్చింది.

ఎర్ర చొక్కాలు ఒక జట్టు, తెల్ల చొక్కాలు ఒక జట్టు. వాళ్ళందరి మధ్యా నల్ల చొక్కాతో ఒక్కటే మనిషి, అందరికన్నా పొట్టి. మా ఆవిడకు నేను చూపించనక్కర్లేకపోయింది. "అదిగో" అని వేలు తెర మీద పెట్టింది. ఆ మనిషి ఎటు పరిగెడితే వేలు అటు పరిగెత్తింది.

కొంతసేపటికి ఈల మోగింది. కోడలు చేయి చాపి గోలు ముందున్న తెల్ల చుక్కను చూపించింది. ఎర్ర చొక్కాల వాళ్ళంతా ఆమె మీదికి వచ్చారు. ఒక పొడుగాటివాడు మొహంలో మొహం పెట్టి అరుస్తున్నాడు. చూడ్డానికి వచ్చిన జనం కేకలు, బూతులు.

"ఎవడు వాడు? ఎందుకలా మీద పడుతున్నాడు?" అంది మా ఆవిడ. "దాని మొహం నాకు ఆనడం లేదు. ఎలా ఉందండీ?"

"చెమట పట్టింది."

"అది కాదు. భయపడుతోందా?"

నేను లేచి తెర దగ్గరికి వెళ్ళాను. కళ్ళజోడు సర్దుకుని చూశాను. "లేదు. వాడు అరుస్తున్నాడు, ఈమె వింటోంది. కాలు వెనక్కి వేయలేదు. ఇప్పుడు చేత్తో వెళ్ళమంటోంది. వాడు వెళ్ళట్లేదు. మళ్ళీ వెళ్ళమంది. ఆ, వెళ్తున్నాడు. తల దించుకుని వెళ్తున్నాడు."

మా ఆవిడ చప్పట్లు కొట్టింది. ఇంట్లో ఒక్క మనిషి కొట్టే చప్పట్లు ఇస్త్రీ చేసేముందు బట్ట దులిపినట్టు ఉంటాయి. అయినా ఆపలేదు. నా చేతిలో భూతద్దం ఉంది. దాన్ని మిషన్ మీద పెట్టి నేనూ కొట్టాను.

మ్యాచ్ అయ్యేదాకా అలాగే ఇద్దరం మూరెడు దూరంలో కూర్చున్నాం. నల్ల చొక్కా తెర దాటి పోయినప్పుడు మా ఆవిడ, "ఏదీ, ఏదీ" అనేది. తిరిగి రాగానే ఊరుకునేది.

సాయంత్రం కోడలు ఫోన్ చేసింది. మా ఆవిడ స్పీకరు పెట్టింది.

"అత్తయ్యా, కనపడ్డానా?"

"కనపడ్డావు తల్లీ. మొదట కొంచెం పోయింది, మిగతాదంతా చూశాను. పొద్దున నువ్వు పాస్‌వర్డ్ చెప్పావు, మీ మామయ్యకి మాత్రం ఎక్కలేదు. నువ్వు చెప్పనన్నావని పొద్దుట్నుంచీ అలిగి కూర్చున్నారు."

కోడలు ఎంత నవ్విందంటే ఫోను గరగరలాడింది. "అయ్యో మామయ్యా. పక్క ఫ్లాట్ల వాళ్ళు వచ్చి అడిగినప్పుడల్లా చెప్పను, చెప్పను అని విసుగొచ్చి అదే పెట్టేశాను. మీరలా అనుకుంటారని తోచలేదు. నేను మీకు చెప్పనంటానా?"

"ప్యాంటు పని ఉందమ్మా" అన్నాను.

"ఉండండి మామయ్యా, వెళ్ళిపోకండి. ఆ పెనాల్టీ తర్వాత ఆట భలే తిరిగింది కదా. చివర్లో ఆ గోలు చూశారా? ఎవరు గెలుస్తారో నాకే అంతుపట్టలేదు."

మా ఆవిడ ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టి నా వైపు వంగింది.

"ఎవరు గెలిచారండీ?"

"నేను బంతిని చూళ్ళేదు" అన్నాను.