గంటకు ఎనభై జేబులు

కనీస వేతనం పెరిగిందన్న వార్త మాకంటే ముందు మా ఇంటి ఓనరమ్మకు తెలిసింది. జీతం జనవరిలో పెరుగుతుందంటే అద్దె డిసెంబరులోనే పెంచేసింది. కంబోడియా రాజధాని నోమ్ పెన్ శివార్లలో, బట్టల ఫ్యాక్టరీల చుట్టూ అద్దె గదుల్లో బతికేవాళ్లకు అది ఏటా ఉన్న తంతే. మా అసలు భయం స్టాప్‌వాచీ అంటే.

జీతం పెరిగిన నెలలోనే ఆఫీసు నుంచి ఒకాయన దాన్ని మెడలో వేసుకుని వస్తాడు. లైనులో ఎవరో ఒకరి వెనక నిలబడి, ఒక్కో జేబు కుట్టడానికి ఎంతసేపు పడుతుందో చూస్తాడు. ఆ లెక్కే అందరికీ టార్గెట్. అందుకోలేనివాళ్లకు మూడు నెలల కాంట్రాక్టు మళ్లీ రాయరు. పెంచిన జీతాన్ని కంపెనీ అలా రాబట్టుకుంటుంది.

ఈసారి అతను నా వెనకే నిలబడతాడని అందరికీ తెలుసు. లైనులో నావే వడిగల చేతులు. పక్క మిషన్ హోన్ అక్కకు నలభై రెండేళ్లు, గంటకు అరవై జేబులు కుడితే గొప్ప. అతను వచ్చే ముందురోజు భోజనాల దగ్గర తన ఎండుచేప ముక్క నా ప్లేటులో వేసింది.

"థావీ, రేపు కాస్త నిద్రమొహం పెట్టవే. దారం రెండుసార్లు కత్తిరించు. గుడ్డ తిప్పితిప్పి చూడు. నీకు దణ్ణం పెడతా."

నత్త దగ్గర పాఠాలు చెప్పించుకుంటాలే అన్నాను. అందరూ నవ్వారు.

పొద్దున అతను రానే వచ్చాడు. వెనక మీట నొక్కిన చప్పుడు వినబడింది. పదిహేడో ఏట ఈ పనిలో చేరినప్పటి నుంచి, వెనక ఎవరు నిలబడినా తిట్లే తిన్నాను. నీడ పడితే చాలు, చేతులు పరుగెత్తడం మరిగాయి. నెమ్మదిగా, నెమ్మదిగా అని మనసులో మొత్తుకుంటూనే ఉన్నాను. అవి నా మాట వినలేదు. భయం పెరిగినకొద్దీ ఇంకా వేగంగా కుట్టాయి. పది జేబులయ్యాక అతను భేష్ అంటూ లెక్క రాసుకుపోయాడు. అక్క వైపు తల తిప్పే ధైర్యం లేకపోయింది.

మధ్యాహ్నానికి బోర్డు మీద ఎనభై అని పడింది.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. టాయిలెట్టుకు లేవాల్సి వస్తుందని హోన్ అక్క నీళ్లు తాగడం మానేసింది. అయినా అరవై నాలుగు దగ్గరే ఆగిపోయింది. ఆవిడ కాంట్రాక్టు ఇంకా పన్నెండు రోజులే ఉంది.

శనివారం ట్రక్కులో ఇంటికి పోతూ నా చెవి దగ్గరకు వంగింది.

"ఆ కిటుకేదో నాకూ నేర్పవే," అంది.

నాకు మిషన్ తొక్కడం నేర్పిన మనిషి ఆవిడే. నా దగ్గర కిటుకేమీ లేదు, ఉన్నది భయమే. సరే అక్కా, నేర్పుతాను అన్నాను.